నీరు తీసే మాత్ర

మే 5, సోమవారం

పై అంకె, కింది అంకె, రెండూ ఎక్కువే. డాక్టరమ్మ ఒక చేతికి పట్టీ చుట్టి చూసింది, రెండో చేతికి చుట్టి చూసింది, కాసేపు ఊరికే కూర్చోబెట్టి మళ్ళీ చూసింది. అంకెలు మొండికేశాయి. నా మొహం చూసి కాబోలు, కొంచెం నవ్వింది.

"తొందరగానే పట్టుబడింది, నయం. రోజూ పొద్దున ఒక మాత్ర. ఒంట్లో ఎక్కువైన ఉప్పునీ నీటినీ బయటికి పంపుతుంది. రెండు వారాల్లో వచ్చి రక్తపరీక్ష చేయించుకోండి. అది మాత్రం మర్చిపోవద్దు."

బీపీకి రక్తపరీక్ష ఎందుకో అడగలేదు. అడిగితే ఇంకో పరీక్ష రాస్తుందేమోనని నోరు మూసుకున్నాను.

ఇంట్లో విటమిన్లని చెప్పాను. ఆయన ఎవరిదో కుట్టుమిషను విప్పి నట్లూ బోల్టులూ ముందేసుకుని కూర్చున్నారు. "మంచిది, వేసుకో" అన్నారు. అబద్ధం ఇంత సులువుగా చెల్లిపోతే కొంచెం చిన్నతనంగానే ఉంటుంది.

ఎందుకు దాస్తున్నానో నాకు తెలుసు. జూన్ పదిన లైసెన్సు కోసం మెడికల్ పరీక్ష. బీపీ గీత దాటితే టవర్ క్రేన్ ఎక్కనివ్వరు. కింద స్టోరులో కూర్చోబెట్టి హెల్మెట్లు పంచమంటారు. ఇన్నేళ్ళుగా ఆ గాజు క్యాబిన్‌లో కూర్చుని నేలలోంచి బిల్డింగులు లేపుతున్నాను. ఇప్పుడు లేస్తున్నది సగంలో ఉంది. సగంలో దిగను.

మే 6

మాత్ర పనిచేస్తోంది. నన్ను మాత్రం పనిచేయనివ్వడం లేదు.

భోజనాల వేళలోపే మూడుసార్లు దిగాల్సి వచ్చింది. క్రేన్ స్తంభం లోపల నిచ్చెన తర్వాత నిచ్చెన. నేను దిగి ఎక్కేదాకా హుక్ గాలిలో వేలాడుతుంటుంది, కింద అందరూ చేతులు కట్టుకుని పైకి చూస్తుంటారు. ఆడమనిషి మాటిమాటికీ ఎందుకు దిగుతోందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

కింద నుంచి నాకు సిగ్నల్ ఇచ్చేది మా మరిది, ఆయన తమ్ముడు. వాకీటాకీలో వాడు "వదినా" అని పిలిచి పిలిచి సైటంతా నన్ను వదినే అంటారు. మూడోసారి దిగేసరికి, "ఏంటి వదినా, కాపురం కిందికి మార్చేశావా?" అన్నాడు. అందరి వాకీటాకీల్లోనూ నవ్వులు. సైటు ఇంజనీరు ఒక్కడే నవ్వలేదు. ఏది అడిగినా ముందు "ఒక్క నిమిషం" అనడం అతని అలవాటు, అందుకని వెనకాల అందరూ అతన్ని నిమిషం అనే పిలుస్తారు. ఆ నిమిషం ఈరోజు నాకేసి చూసి, తన వాచీకేసి చూసుకున్నాడు.

నేనూ నవ్వేశాను. రేపటి నుంచి దిగకూడదు.

మే 8

మాత్ర సాయంత్రం వేసుకుని చూశాను. నిద్ర లేదు. మళ్ళీ పొద్దుటికే మార్చాను.

ఉపాయం దొరికింది. నీళ్ళు తాగకపోతే సరి. పైకి తీసుకెళ్ళిన సీసా మూత తియ్యకుండానే తిరిగి తెచ్చాను. ఒక్కసారి కూడా దిగలేదు. సాయంత్రం నిమిషం ఎదురుపడి "ఈరోజు పని బాగా సాగింది" అన్నాడు.

మే 15, గురువారం

తెల్లవారుతుండగా పిక్క పట్టేసింది. రాయి అయిపోయింది. కేక వెయ్యకుండా దిండు కొరుక్కున్నాను, అయినా ఆయన లేచారు. నా పాదం పట్టుకుని వేళ్ళు వెనక్కి వంచి, పిక్క వదిలేదాకా కూర్చున్నారు. "నిచ్చెనలు" అన్నారు. "నిచ్చెనలే" అన్నాను.

నిచ్చెనలు నాకేమన్నా కొత్తా. కానీ ఆ జవాబు ఇద్దరికీ సరిపోయింది.

మే 19, సోమవారం

రక్తపరీక్షకి వెళ్ళాల్సింది ఈరోజే. స్లాబు పోస్తున్నారు. కాంక్రీటు తొట్టి అందించేది నేనే కదా. వచ్చే వారం.

మే 26, సోమవారం

వచ్చే వారం.

మే 28

సైటులో మందులగదిలో బీపీ మిషను ఉంది. నర్సు భోజనానికి వెళ్ళినప్పుడు దూరి చూసుకున్నాను. తగ్గింది, కానీ చాలినంత కాదు. మెడికల్లో పట్టుబడే అంకె.

ఒక మాత్రకి ఇంత తగ్గితే రెండింటికి అంత తగ్గాలి. లెక్క తేలికే. పదో తారీఖు దాకానే. డాక్టరమ్మ రెండు చెప్పలేదు నిజమే, కానీ ఆమెకి పదో తారీఖు సంగతి తెలియదు కదా.

జూన్ 2, సోమవారం

ఇటుకల బుట్ట పైకి తీస్తుంటే గుండెలో ఏదో జారింది. ఎలా రాయాలి. తాడు వదులుగా ఉన్నప్పుడు బరువు ఒక్కసారిగా అందుకుంటే క్రేన్ మొత్తం ఉలిక్కిపడుతుంది. అలా. ఒక కొట్టు కొట్టకుండా ఊరుకుని, తర్వాతది గట్టిగా కొట్టింది. మధ్యలో ఆ ఖాళీ ఎంత పొడుగుగా ఉందో.

మళ్ళీ మామూలే. కాఫీ ఎక్కువైంది. మానేస్తాను.

జూన్ 4

కాఫీ మానేసినా ఆగలేదు. అంటే కాఫీ వల్ల కాదన్నమాట. మళ్ళీ తాగుతున్నాను.

జూన్ 6, శుక్రవారం

క్యాబిన్‌లో ఏసీ పోయింది. మూడు వైపులా గాజు, ఎండ నేరుగా ఒళ్ళో కూర్చుంటోంది. నిమిషానికి చెప్పాను. ఒక్క నిమిషం అన్నాడు.

చెమట కారిపోతోంది. తినబుద్ధి కావడం లేదు. తింటే దాహం, తాగితే దిగడం, అందుకని తినకపోవడమే మేలుగా ఉంది. మధ్యాహ్నానికి క్రేన్ నడిపే లివరు మీద చెయ్యి బరువెక్కి, ఎవరిదో చెయ్యి తెచ్చి నా భుజానికి తగిలించినట్టు అనిపించింది. ఎండ వల్ల. ఈ ఎండకి ఎవరికైనా ఇలాగే ఉంటుంది.

గుండె మధ్యాహ్నం పూట ఎక్కువ జారుతోంది. వరసగా రెండు, మూడు. ఊపిరి బిగబట్టి దగ్గితే సర్దుకుంటోంది. దగ్గుతున్నాను. వాకీటాకీలో మా మరిది "జలుబా వదినా?" అన్నాడు. ఔనన్నాను.

జూన్ 10, మంగళవారం

పాసయ్యాను. కళ్ళు, చెవులు, బీపీ, అన్నీ. కంపెనీ డాక్టరు "మీ వయసుకి చక్కగా ఉంది" అన్నాడు. చక్కటి అంకె. ఈరోజుకి ఇంకేం రాయను.

రేపటి నుంచి ఒకటే మాత్ర.

జూన్ 12

ఇంకా రెండు మాత్రలే. సోమవారం మెట్ల దిమ్మలు ఎత్తే పని ఉంది. అచ్చుపోసిన కాంక్రీటు మెట్లు, ఒక్కో అంతస్తుకీ ఒక్కో దిమ్మ, ఈ బిల్డింగులో అంత బరువు ఇంకేదీ లేదు. ఆ పని మధ్యలో బీపీ పెరిగి తలనొప్పి వస్తే కష్టం. అది అయ్యాక ఒకటికి దిగుతాను.

జూన్ 16, సోమవారం

ఈరోజు ఏమీ జరగలేదు. దిమ్మ ఒకటి దింపాను. అలసటగా ఉంది.

జూన్ 17, మంగళవారం, పొద్దున

నిన్నటిది చదువుకున్నాను. ఎవరికి చెప్పాను ఈ అబద్ధం? ఇది చదివేది నేనొక్కదాన్నే కదా.

జరిగింది రాస్తాను.

మొదటి దిమ్మ బాగానే వెళ్ళింది. రెండోది ఎత్తి, తిప్పి, పై అంతస్తుకి కొంచెం ఎగువన నిలబెట్టాను. దాన్ని అందుకోవడానికి అక్కడ మా మరిది, ఇద్దరు పనివాళ్ళు నిలబడ్డారు. వాడు చెయ్యి ఊపుతూ మెల్లగా దించమంటున్నాడు. నేను లివరు కదిపాను. అప్పుడు గుండె జారింది. జారి, ఆగలేదు. లోపల ఎవరో సంచీలోంచి గోళీలు ఒలకబోసినట్టు గడబిడగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. దగ్గాను. సర్దుకోలేదు. గాజు అంచుల నుంచి నల్లటిదేదో లోపలికి పాకుతూ వచ్చింది. చూపు మధ్యలో దిమ్మ ఒక్కటే మిగిలింది. దాని కింద మా మరిది పసుపు హెల్మెట్.

పడిపోతానని తెలిసింది. ఇంత తేటగా జీవితంలో నాకు ఏదీ తెలియలేదు.

లివర్ల మీంచి చేతులు తీసేశాను. చేతులు తీస్తే లివర్లు వాటంతటవే మధ్యకి వచ్చి బ్రేకు పడుతుంది, బరువు ఉన్నచోటే ఆగిపోతుంది. పని నేర్చుకున్నప్పుడు మొదట నేర్పేది అదే. తర్వాత వాకీటాకీ నొక్కాను.

"అబ్బాయీ, దాని కింద నుంచి తప్పుకోండి. అందరూ. నువ్వు కూడా."

వాడు ఎందుకని అడగలేదు. నా గొంతులో ఏం వినిపించిందో. ఇద్దరినీ రెక్కలు పట్టి గోడవైపు లాక్కుపోయాడు. పసుపు హెల్మెట్ దిమ్మ కింద నుంచి పక్కకి వెళ్ళడం చూశాను. అప్పుడు కళ్ళు మూసుకున్నాను.

ఎంతసేపో తెలియదు. పడిపోలేదు. గడబిడ సన్నగిల్లి, తడబడి, మళ్ళీ నడకలో పడింది. వాకీటాకీలో వాడి గొంతు, నెమ్మదిగా, ఒకే మాట మళ్ళీ మళ్ళీ: "వదినా, నేను చూస్తున్నా. వదినా, నేను చూస్తున్నా."

దిమ్మని పై అంతస్తు మీద పెట్టే ధైర్యం లేదు. అక్కడ వేలెడు తేడా కూడా రాకూడదు. వెనక్కి తిప్పి కింద ఖాళీ నేల మీద పెట్టాలి. వాడు కిందికి పరుగెత్తి ఆ చుట్టుపక్కల మనుషులందరినీ తోలేశాడు. నేను అన్నిటికంటే తక్కువ వేగం పెట్టి దింపాను. "కిందికి. ఇంకా కిందికి. అంతే. అంతే వదినా. నేల." దిమ్మ నేలకి తగిలి తాడు వదులయ్యాక లివర్లు వదిలేశాను.

దిగలేకపోయాను. వాడే ఎక్కి వచ్చి, ఒక్కో నిచ్చెన దగ్గరా నన్ను కూర్చోబెడుతూ దింపాడు. కింద నిమిషం నిలబడి ఉన్నాడు. "ఎండదెబ్బ" అన్నాను. తలూపి వెళ్ళిపోయాడు. మిగతా పూట సెలవిచ్చాడు.

మా మరిదికి కూడా ఎండదెబ్బ అనే చెప్పాను. వాడు నమ్మలేదు. ఇంటిదాకా తోడొచ్చాడు. మా గుమ్మం ముందు ఆగి అన్నాడు: "రేపు నువ్వు పైకెక్కితే నేను సిగ్నల్ ఇవ్వను వదినా. నేను ఇవ్వకపోతే ఇంకెవరూ ఇవ్వరు. అన్నయ్యకి నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

కోపం వచ్చింది. నా పొట్ట కొడతావా అన్నాను. వాడు తల వంచుకుని నిలబడ్డాడు, కానీ మాట వెనక్కి తీసుకోలేదు. నేను లోపలికొచ్చి ఈరోజు ఏమీ జరగలేదని రాసుకుని పడుకున్నాను.

దిమ్మ ముగ్గురు మనుషుల నెత్తిన ఉంది. వాళ్ళలో ఒకడు మా మరిది. వాడికి భయం వేసింది, అయినా వాడే పైకెక్కి నన్ను దింపాడు.

ఆయన లేచాక చెప్తాను. చెప్పాక ఆసుపత్రికి వెళ్తాను. క్రేన్ ఎక్కను. ఇది నిజం, నిన్న రాసినట్టు కాదు.

జూన్ 18, బుధవారం. ఆసుపత్రి

రాసే చెయ్యి ఖాళీగా వదిలిపెట్టారు, అదృష్టం. ఎడమ చేతికి సెలైన్ ఎక్కుతోంది, నరం వెంబడి మంట. పక్కన తెర మీద నా గుండె ఒక గీతలా నడుస్తోంది. అప్పుడప్పుడు గీతలో ఒక వంకర పొడుచుకొస్తుంది. అది వచ్చినప్పుడల్లా నాకు ముందే తెలుస్తోంది.

నిన్న పొద్దున ఆయనకి గుండె సంగతి చెప్పాను, రెండు మాత్రల సంగతి చెప్పలేదు. ఇక్కడ ఈసీజీ తియ్యగానే ఇంటికి పంపేది లేదన్నారు. రక్తం రిపోర్టు వచ్చాక డాక్టరమ్మే వచ్చింది, మాత్ర రాసిన ఆవిడే.

"రోజుకి ఎన్ని వేసుకుంటున్నారు?"

"ఒకటి."

ఆమె రిపోర్టు మంచం మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుని మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. ఆయన నా కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నారు.

"రెండు" అన్నాను. తర్వాత నీళ్ళ సంగతి, తిండి సంగతి, ఎగ్గొట్టిన పరీక్ష సంగతి, అన్నీ చెప్పాను. ఒకటి బయటికొస్తే మిగతావి వరస కట్టాయి.

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆమె చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. గుండె కొట్టుకోవాలంటే దాని లోపల సన్నటి కరెంటు నడవాలి. అది తప్పటడుగు వెయ్యకుండా నడవాలంటే రక్తంలో పొటాషియం సరిపడా ఉండాలి. ఈ మాత్ర ఒంట్లో నీటిని బయటికి పంపుతూ దాన్ని కూడా పంపేస్తుంది. ఒక మాత్రకి చాలామందిలో పెద్ద తేడా రాదు, కొందరిలో వస్తుంది. ఎవరిలో వస్తుందో మొహం చూసి చెప్పలేరు, అందుకే రక్తపరీక్ష. నేను మాత్ర రెట్టింపు చేసి, నీళ్ళు మాని, తిండి తగ్గించి, ఎండలో ఉడికాను. పిక్కలు పట్టెయ్యడం దాని వల్లే. చెయ్యి బరువెక్కడం దాని వల్లే. గుండె జారడం కూడా.

నేను కొంచెం గొప్పగానే అడిగాను, అయినా లోడు జాగ్రత్తగా దింపాను కదా అని.

"దింపారు. కానీ మీరు ఆ క్యాబిన్‌లో పడిపోకపోవడం మీ గుండెధైర్యం వల్ల కాదు. ఆ గడబిడ దానంతటది ఆగింది కాబట్టి. ఆగకపోతే ఎవరూ వేళకి మీ దాకా ఎక్కి రాగలిగేవాళ్ళు కాదు."

ఆయన కిటికీ వైపు తిరిగారు.

జూన్ 19

ఆయన నాతో మాట్లాడలేదు. పళ్ళరసం పోసిచ్చారు, దుప్పటి సర్దారు, నర్సుతో మాట్లాడారు. నాతో లేదు. సాయంత్రం నేనే "ఏమండీ" అన్నాను.

"నేను ఎవరి మిషను విప్పినా ఏ నట్టు ఎక్కడిదో నీకు చూపిస్తాను" అన్నారు. "చూసి నీకేం ఒరగదు, అయినా చూపిస్తాను. నువ్వు నీ పైమూత కూడా తియ్యవు."

ఆయన చెయ్యి పట్టుకున్నాను. గ్రీజు వాసన. లాక్కోలేదు.

ఈ మాత్రలన్నీ చెత్తబుట్టలో పారేస్తానని, ఇక జన్మలో బీపీ మందు ముట్టనని డాక్టరమ్మతో అన్నాను. ఇదంతా చేసింది ఆ మాత్రే కదా అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. మాత్ర మంచిదే, దాని మీద ఎవరూ ఓ కన్నేసి ఉంచకపోవడమే చెడ్డదైంది అంది. బీపీని వదిలేస్తే అది మెదడు మీదకో మూత్రపిండాల మీదకో ఏదో ఒకరోజు పోతుంది, నొప్పి కూడా పెట్టకుండా. మందు మార్చింది. ఇప్పుడిచ్చేది వేరే రకం, పొటాషియాన్ని బయటికి తోలెయ్యదు. కానీ దీనికి కూడా రక్తపరీక్ష ఉంది, దీనితో పొటాషియం మరీ ఎక్కువ కాకుండా చూడాలట. తనని అడక్కుండా ఒక్క మాత్ర కూడా పెంచొద్దు, తగ్గించొద్దు, మానొద్దు అంది.

"ఈసారి పరీక్ష ఎందుకో అడగండి" అంది.

అడిగాను. మొత్తం చెప్పింది.

జూన్ 21, శనివారం

ఇంటికొచ్చాను. గీతలో వంకరలు దాదాపు పోయాయి. డాక్టరమ్మ కాగితం ఇచ్చేదాకా క్రేన్ లేదు.

క్రేన్ వద్దనుకోవడం లేదు. ఎక్కుతాను. కానీ ఎలా ఎక్కాలో ఇప్పుడు నేను చెప్తాను.

జూన్ 23, సోమవారం

సైటుకి వెళ్ళాను. నిమిషం ఆఫీసులో ఫోనులో ఉన్నాడు. నన్ను చూసి చెయ్యెత్తాడు, ఒక్క నిమిషమని. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఫోను పెట్టేదాకా కదల్లేదు.

ఎండదెబ్బ కాదని చెప్పాను. ఏం జరిగిందో మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. అతని మొహం పాలిపోయింది. మెడికల్ పాసయ్యారు కదా, ఇప్పుడు మీరే వచ్చి కాదంటారేంటి అన్నాడు.

"ఆ అంకె నిజం కాదు సార్. రెండు మాత్రలు మింగి దింపిన అంకె. మళ్ళీ పరీక్ష పెట్టండి, నిజం అంకెతో వస్తాను."

సరే, అప్పటిదాకా స్టోరులో ఉండండి అన్నాడు. ఉంటానన్నాను. కానీ నేను వచ్చింది అందుకు కాదు.

"నేను దిగితే సైటంతా ఆగుతుంది. అందుకని నీళ్ళు మానేశాను. క్రేన్ మీద మనిషి నీళ్ళు తాగాలి సార్. తాగితే దిగాలి. దిగితే ఇంకొకరు ఎక్కాలి. నేనడిగేది ఇంతే."

పైవాళ్ళని అడగాలన్నాడు. మనుషులు లేరన్నాడు. ఒక్కరి కోసం ఇంకో ఆపరేటర్ని పెట్టరన్నాడు. అప్పుడు గుమ్మం దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు. రెండో క్రేన్ ఆపరేటరు. పొడుగ్గా, మెడ కొంచెం ముందుకు వంచి, హెల్మెట్ చంకలో పెట్టుకుని. ఒకే సైటులో ఎదురెదురు గాజు గదుల్లో కూర్చుంటాం గానీ నేల మీద ఇద్దరం ఎప్పుడూ ఒక మాట మాట్లాడుకోలేదు. ఏదో సంతకం కోసం వచ్చాడట. రెండు మాత్రల మాట దగ్గర్నుంచి విన్నాడు.

"ఒక్కరు కాదు సార్. నేను కూడా తాగను" అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, ఆ మాత్ర పేరేంటని అడిగాడు. చెప్పాను. జేబులోంచి ఒక మాత్రల పట్టీ తీసి బల్ల మీద పెట్టాడు. అదే మాత్ర. మందులషాపు వాడు ఇస్తూనే ఉన్నాడట, తను మింగుతూనే ఉన్నాడట, రక్తం ఎప్పుడూ చూపించుకోలేదు.

నిమిషం ఆ పట్టీ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇప్పుడు రెండు క్రేన్లూ ఆపుకుంటే నేను పైవాళ్ళకి ఏం చెప్పుకోవాలి?"

"నీళ్ళు తాగడానికి దిగారని చెప్పండి" అన్నాను.

నవ్వుతాడో అరుస్తాడో తెలియలేదు. ఫోను తీశాడు. ఈసారి ఒక్క నిమిషం అని మాతో అనలేదు, ఫోనులో అవతలివాళ్ళతో అన్నాడు.

జూన్ 24

రెండో క్రేన్ ఆపరేటర్ని వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. దారిలో రెండుసార్లు జారుకోబోయాడు. సూదంటే భయమట. అంత ఎత్తున కూర్చునే మనిషికి.

అతనికి పొటాషియం కొంచెమే తగ్గింది. గుండె సవ్యంగానే ఉంది. డాక్టరమ్మ మందు సర్దింది, నెల తర్వాత మళ్ళీ రమ్మంది. బయటికొచ్చాక చేతికి దూది నొక్కిపెట్టుకుని, "మీరు చెప్పకపోతే నేను ఎప్పటికీ వచ్చేవాణ్ణి కాదండీ" అన్నాడు. నేను దిమ్మ దించిన రోజు గురించి అతనికి మొత్తం చెప్పలేదు. ఏదో ఒకరోజు చెప్తాను.

జూలై 9, బుధవారం

ఛాతీకి తీగలు అంటించి ఒక రోజంతా తిప్పారు. స్టోరులో హెల్మెట్లు పంచుతూ, ఆ తీగలతోనే. ఫలితం వచ్చింది. అక్కడక్కడా ఒకటీ అరా తప్పు కొట్లున్నాయట, అవి ఎవరికైనా ఉంటాయట. వరసగా గడబిడ ఎక్కడా లేదు. రక్తం బాగుంది. డాక్టరమ్మ సంతకం పెట్టింది.

కంపెనీ డాక్టరు దగ్గర బీపీ మళ్ళీ. ఈసారి అంకె అంత చక్కగా లేదు. కానీ గీత లోపలే ఉంది. "పోయినసారి ఇంతకంటే బాగుందే" అన్నాడు. "పోయినసారి నాది కాదు" అన్నాను. అతనికి అర్థం కాలేదు, మొత్తం విడమరిచి చెప్పాను. రాసుకున్నాడు.

జూలై 14, సోమవారం

ఎక్కాను.

గాజు తుడుచుకుని కూర్చున్నాను. ఏసీ బాగుచేశారు. బిల్డింగు నేను వదిలినప్పటికంటే రెండు అంతస్తులు పెరిగింది. నేను లేకుండా పెరిగిందని కొంచెం కుళ్ళు.

కొత్త ఏర్పాటు ఇది: రెండు క్రేన్లకీ కలిపి ఇంకో ఆపరేటరు, ఒక పెద్దాయన వచ్చాడు, ఇంకో సైటు నుంచి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఎక్కి నన్ను దింపుతాడు. అవసరమైతే మధ్యలో కూడా. నిమిషం ఇది పైవాళ్ళతో ఎలా ఒప్పించాడో నాకు తెలియదు. అతను చెప్పడు. అడిగితే ఇంకేదో పని చూసుకుంటాడు.

ఈరోజు సీసా ఖాళీ చేశాను. దిగాను. హుక్ ఆగలేదు.

మా మరిది వాకీటాకీలో మామూలుగానే వాగుతున్నాడు. మొదటి లోడు ఎత్తే ముందు మాత్రం ఒక్కమాట అడిగాడు, "వదినా, అంతా బాగుందా?" అని. అందరూ వింటుండగా అడిగాడు. "బాగుంది. బాగోకపోతే చెప్తా" అన్నాను. అందరూ వింటుండగానే.

జూలై 22, మంగళవారం

పొద్దున ఇనుప చువ్వల కట్ట పైకి తీస్తుంటే ఒక కొట్టు తప్పింది. ఒక్కటే. వెంటనే సర్దుకుంది. కళ్ళు తిరగలేదు, చూపు తగ్గలేదు. డాక్టరమ్మ చెప్పిన ఆ ఒకటీ అరాల్లో ఇది ఒకటి కావచ్చు. అలా అనుకోవడం ఎంత తేలికో. అనుకోవడానికి నా దగ్గర ఇప్పుడు సంతకం పెట్టిన కాగితం కూడా ఉంది.

కానీ అది ఆ ఒకటీ అరాల్లోదో, రాబోయే గడబిడకి మొదటిదో, కుర్చీలో కూర్చుని నేను తేల్చలేను. పోయిన నెల అలా తేల్చుకుంటూనే దిమ్మదాకా వచ్చాను.

"అబ్బాయీ, కట్ట కిందికి దింపేస్తున్నా. చోటు చూపించు."

"ఎడమవైపు ఖాళీ ఉంది వదినా. దింపెయ్."

దింపాను. పెద్దాయన ఎక్కాడు, నేను దిగాను. కింద ఒకరిద్దరు నాకేసి చూశారు. నేను కూడా వాళ్ళకేసి చూశాను. ఇంటి దగ్గర ఆయనకి ఫోన్ చేసి ఎక్కడికి, ఎందుకు వెళ్తున్నానో చెప్పాను. మా మరిది తోడొస్తానన్నాడు. వద్దు, నీ పని చూసుకో అన్నాను.

ఈసీజీ తీశారు. రక్తం తీశారు. రిపోర్టు వచ్చేదాకా బెంచీ మీద కూర్చున్నాను. ఉట్టినే ఒక పూట పాడు చేసుకున్నానా అని ఒకసారి అనిపించింది. ఉట్టినే అయితే అంతకంటే ఏం కావాలి అని కూడా అనిపించింది.

రెండూ బాగానే ఉన్నాయి. డాక్టరమ్మ రిపోర్టు మడిచి నా చేతిలో పెట్టి, "ఒక్క కొట్టు తప్పిందని పని ఆపి వచ్చారా?" అంది.

"అందుకే వచ్చాను."

రేపు పొద్దున నాదే షిఫ్టు. ఎక్కుతాను. మళ్ళీ తప్పితే మళ్ళీ దిగుతాను.